మణి దగ్గర వాడికి నత్తి రాదు

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పెళ్లయినప్పటి నుంచీ చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. మా ఆయన అంబత్తూరులో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. అత్తయ్య మాతోనే ఉంటారు. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. నాలుగేళ్లప్పటి నుంచి కాస్త నత్తి ఉంది. పెద్దయితే అదే పోతుందన్నారు, పోలేదు. ఈ ఏడాది బాగా ఎక్కువైంది. క్లాసులో లేచి చదవమంటే నోరు తెరవడం లేదట. ఇంట్లో మాట మధ్యలో ఆగిపోతే వాళ్ల నాన్న "నిదానంగా చెప్పరా, ఊపిరి పీల్చుకుని చెప్పు" అని అరుస్తారు. వాడు చెప్పేది వదిలేసి లోపలికి వెళ్లిపోతాడు. పోయిన నెల ఒక సాయంత్రం చెత్తబుట్ట తీసుకుని కిందికి దిగుతుంటే ఎవరో ఇంగ్లీషు పాఠం గడగడా చదువుతున్నట్టు వినిపించింది. తొంగి చూస్తే మా వాడే. మెట్ల మీద పుస్తకం, పక్కన మా వీధికుక్క మణి పడుకుని ఉంది. ఒక్క మాట కూడా తడబడలేదు. ఏడుపొచ్చింది, చప్పుడు చేయకుండా పైకి వచ్చేశాను. నెట్‌లో చూస్తే కుక్కలతో థెరపీ ఉందని తెలిసింది. లాబ్రడార్ పిల్లని కొందామంటే మా ఆయన ఖర్చు అంటున్నారు. అత్తయ్య, పూజగది ఉన్న ఇంట్లో కుక్కేమిటి, వస కొమ్ము అరగదీసి నాలుకకి రాద్దాం అంటున్నారు. ఇంట్లో తెలుగు మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడితే పోతుందని పక్కింటావిడ సలహా. మా ఆయనకి కూడా చిన్నప్పుడు కొంచెం ఉండేదట. ఏం చేయమంటారు?
ఒక తల్లి, చెన్నై

జవాబు: చప్పుడు చేయకుండా పైకి వచ్చేశారు చూడండి, ఆ పని నాకు బాగా నచ్చింది. ఇంకొకరైతే "నీకు చక్కగా వచ్చు కదరా!" అని పరిగెత్తుకెళ్లి వాటేసుకునేవారు. మర్నాటి నుంచి వాడికి మణి దగ్గర కూడా పరీక్ష మొదలయ్యేది.

మీరు చూసింది వింతేమీ కాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఒంటరిగా ఉన్నప్పుడు, పసిపిల్లలతోనో జంతువులతోనో మాట్లాడేటప్పుడు, పాట పాడేటప్పుడు, పక్కవాళ్లతో గొంతు కలిపి చదివేటప్పుడు మాట సాఫీగా వచ్చేస్తుంది. కాబట్టి వాడి నాలుక మందమనో, కావాలని చేస్తున్నాడనో ఎవరైనా అంటే నమ్మకండి. మాటకు కావలసిన కదలికల్ని మెదడు సమయానికి అందించడంలో ఉండే తేడా అది. మామూలుగా రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది, మగపిల్లల్లో ఎక్కువ, చాలాసార్లు వంశంలో ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు దానంతటదే పోతుంది కూడా, మీకు అలా చెప్పింది అందుకే. తొమ్మిదేళ్లు వచ్చినా ఉందంటే మాత్రం ఇక ఊరికే కూర్చోకూడదు. టెన్షన్ వల్ల నత్తి పుట్టదు గానీ ఉన్నది ఎక్కువవుతుంది. ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న భయం ఉన్నచోట మాట బిగుసుకుంటుంది. మణి దగ్గర ఆ బెదురు లేదు, అందుకే మీ వాడు వసపిట్ట అయిపోయాడు. (వస అన్నాను కదా అని ఆ కొమ్ము మాత్రం అరగదీయకండి. దానితో నత్తి పోదు.)

కుక్క పక్కనుంటే పిల్లలు తెరుచుకుంటారని గమనించినవాళ్లు ముందే ఉన్నారు. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అని పిల్లల సైకాలజిస్టు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ణి ఆయన దగ్గరికి అనుకున్న టైము కంటే ముందే తీసుకొచ్చేశారు. ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ ఇంకా గదిలోనే ఉంది. అది పరిగెత్తుకెళ్లి పిల్లవాణ్ణి నాకింది. వాడు బెదరలేదు సరికదా, దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత కుక్క ద్వారానే లెవిన్సన్ వాడికి దగ్గరయ్యాడు. ఇలాంటి అనుభవాల మీద 1962లో వ్యాసం రాశాడు. ఫీజులో కుక్క వాటా ఎంతని తోటివాళ్లు వెక్కిరించారట. 1999లో అదే దేశంలో, సాల్ట్ లేక్ సిటీలో, లైబ్రరీలో పిల్లలు శిక్షణ పొందిన కుక్కలకు కథలు చదివి వినిపించే కార్యక్రమం మొదలైంది. కుక్కకి కథ అర్థమవుతుందని కాదు. తప్పు చదివితే నవ్వదు, పక్కవాడి మార్కులతో పోల్చదు, అంతే. మీ వాడు ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి కనిపెట్టేసుకున్నాడు.

అయితే కుక్క నత్తిని నయం చేయదు, ఈ మాట నిక్కచ్చిగా చెప్పాలి. థెరపీ అంటే శిక్షణ ఉన్న మనిషి, ఒక లక్ష్యం పెట్టుకుని, నెమ్మదస్తురాలైన కుక్కని సాయంగా వాడుకోవడం. ఇంట్లో కుక్క ఉండటం తోడు. తోడు చిన్న విషయమేమీ కాదు, కానీ అది వేరు ఇది వేరు.

కొన్నేళ్ల క్రితం ఈ తేడా మరిచిపోయి నేనే ఒక తప్పు చేశాను. ఇంట్లో తప్ప బయట మాట్లాడని ఒక పాప తల్లిదండ్రులతో "కుక్కపిల్లని తెచ్చుకోకూడదూ" అని తేలిగ్గా అనేశాను. ఇద్దరూ ఉద్యోగస్తులు, మూడో అంతస్తు. ఐదు నెలల్లో సోఫా చిరిగింది, కింది ఇంటివాళ్లతో గొడవైంది, కుక్కని ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత పాప నా గదికి వచ్చినా తలెత్తి చూసేది కాదు. అప్పటి నుంచి గదిలో చేపల తొట్టె పెట్టుకున్నాను గానీ, మందుచీటీ మీద కుక్కని రాయడం మానేశాను.

లాబ్రడార్ పెరిగితే పాతిక, ముప్పై కిలోలుంటుంది, పదేళ్లకు తక్కువ కాకుండా బతుకుతుంది. రోజూ తిప్పాలి. చెన్నై మే నెల దానికి నరకం. ఖర్చని ఆయన అన్నది, పూజగదని అత్తయ్య అన్నది రాశారు గానీ, పొద్దున ఆరింటికి దాన్ని కిందికి ఎవరు తీసుకెళ్తారో రాయలేదు. ఒకపక్క వాడి టిఫిన్ డబ్బా, ఒకపక్క కుక్క గొలుసు పట్టుకుని ఎవరు నిలబడతారో నాకు తెలుసు. ఇప్పుడైతే కొనకండి.

అసలు మీ ఉత్తరంలో నా కళ్లు ఆగిపోయింది చివర్లో, మీ ఆయనకి కూడా చిన్నప్పుడు ఉండేదట అన్న చోట. మీరు ఏదో మామూలు సంగతిలా రాసేశారు. నా ఊహ తప్పు కావచ్చు, కానీ కొడుకు మాట ఆగిన ప్రతిసారీ ఆయనకి తన క్లాసు, తన బెంచీ గుర్తొస్తూ ఉండొచ్చు. తనకీ ఎవరో ఊపిరి పీల్చుకోమనే చెప్పి ఉంటారు. తనకి తగ్గింది కాబట్టి అదే మందు వీడికీ వేస్తున్నారు. అరవొద్దని ఆయన మీద మీరు అరవకండి. ఆదివారం బాబు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు, కాఫీ ఇచ్చి, "మీకు స్కూల్లో ఎలా ఉండేదండీ?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన మాట దాటేస్తే ఇంకో వారం చూడండి. ఏదో ఒకరోజు ఆ సంగతి ఆయనే కొడుకుతో చెప్పుకోగలిగితే, అది ఏ జాతి కుక్కా చేయలేని పని.

ఇంట్లో మీరిద్దరూ నేర్చుకోవలసింది మణి వినే పద్ధతే. వాడు ఆగినప్పుడు మాట అందించకండి. నిదానమని వాడికి చెప్పే బదులు మీరే నిదానంగా మాట్లాడండి. ముఖం వైపు మామూలుగా చూస్తూ ఉండండి. ఆ నాలుగు సెకన్లు మీకు నాలుగు నిమిషాల్లా ఉంటాయి, ఓర్చుకోండి. రోజూ ఒక పది నిమిషాలు ఫోను పక్కన పడేసి వాడొక్కడితో గడపండి, అందులో చదువు ప్రసక్తి వద్దు. పూర్తి చేశాక "ఇవాళ బాగా మాట్లాడావు" అనకండి. మణి తోక బైకు చక్రం కింద పడబోయిందని వాడు చెప్తే, తోక సంగతే మాట్లాడండి.

స్పీచ్ థెరపిస్టుని ఈ నెలలోనే కలవండి. పెద్ద ఆస్పత్రుల ఈఎన్‌టీ విభాగంలో అడిగితే చెప్తారు. ఇలాంటి థెరపిస్టులకు గుర్తింపు ఇచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. నెలలో పూర్తిగా పోగొడతామనేవాళ్ల జోలికి వెళ్లకండి. క్లాస్ టీచర్ని కూడా కలిసి, ఉన్నట్టుండి లేపి చదివించొద్దనీ, కొన్నాళ్లు ఇంకొకరితో గొంతు కలిపి చదవనివ్వమనీ అడగండి. తెలుగు మానేయడమా? పక్కింటావిడకి ఒక నమస్కారం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, చెన్నై తెలుగు పిల్లలు తరతరాలుగా ఇలాగే పెరిగారు. రెండు మూడు భాషల వల్ల నత్తి రాదు.

ఇక మణి. వీధికుక్క కాబట్టి నాకు భయం లేకపోలేదు. దాని చెవి కొస కత్తిరించి ఉందేమో చూడండి, ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు. మామూలుగా అప్పుడే రేబిస్ టీకా కూడా వేస్తారు, కానీ ఆ టీకా మళ్లీ మళ్లీ వేయించాలి. వీధిలో దానికి అన్నం పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లని అడిగితే లెక్క తెలుస్తుంది. లేదంటే ఆటోలో వేపేరి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చు. బాబుకి మూడు సంగతులు చెప్పండి: అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, కుక్కపిల్లలతో ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదు. పన్ను గానీ గోరు గానీ చిన్న గీత పడినా దాచకూడదు. వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక కాపాడటం దాదాపు అసాధ్యం, కాబట్టి ఇందులో మొహమాటం వద్దు. చెబితే మణిని దూరం చేస్తారన్న భయం వాడికి ఉంటే దాచేస్తాడు. చెప్పినా మణిని తరిమెయ్యబోమని ముందే మాటివ్వండి.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి, కుక్క ఎలాగూ ఇంట్లోకి రావడం లేదు. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటాయని ఎప్పుడైనా మాటల్లో గుర్తు చేయండి చాలు. సాయంత్రం మిగిలిన అన్నంలో పెరుగు కలిపి ఆవిడే మనవడి చేతికి ఇస్తే నేనైతే ఆశ్చర్యపోను.

మణికి టీకా వేయించాక ఇచ్చే కార్డు వాడి దగ్గరే ఉంచండి. మళ్లీ ఎప్పుడు వేయించాలో క్యాలెండర్‌లో గుర్తు పెట్టే పని వాడిదే. ఆ రోజు డాక్టరుకి కుక్క పేరు, వయసు వాడే చెప్పాలి. తడబడితే తడబడనివ్వండి, మీరు అందించకండి.