పాత రోలు, జాడీలు, గంగాళం పెరట్లో అలంకారంగా ఎలా పెట్టుకోవచ్చు?

ఊళ్ళో పాత ఇల్లు ఖాళీ చేయగా మిగిలిన రాతి రోలును, ఊరగాయ జాడీలను, ఇత్తడి గంగాళాన్ని, కుట్టుమిషను స్టాండును పెరట్లో అలంకారంగా ఎలా వాడుకోవచ్చునని మీరు అడిగారు. మా పెరట్లో ఇవన్నీ కొన్నేళ్లుగా ఉన్నవే కనుక, ఏది ఎక్కడ అందంగా ఉంటుందన్న ఆలోచన కంటే, తడి తగిలితే ఏది ఏమవుతుందన్నదే ముందు చూసుకోమంటాను.

అన్నిటిలోకీ దిగులు లేనిది రోలు. ఎండకూ వానకూ దానికేమీ కాదు, రంగులు వేయనక్కరలేదు. నా మట్టుకు వేయకూడదనే అంటాను. అయితే ఒకసారి దించాక మళ్ళీ కదపడం కష్టం కాబట్టి, చోటు ముందే ఖాయం చేసుకుని, ఇటుక ముక్కలూ ఇసుకా పరిచి నేల గట్టిపరచాలి. లేకపోతే మొదటి పెద్దవానకే ఒక పక్కకు ఒరుగుతుంది. మా రోలు మందారం నీడలో ఉంటుంది. గుంట గోడలు నున్నగా ఉండి పిట్టల కాళ్లు జారతాయి కనుక, సగం వరకు గులకరాళ్ళు నింపి, అవి మునిగీ మునగనట్టు నీళ్ళు పోస్తాను. పికిలిపిట్టలు ఆ రాళ్ళ మీద నిలబడి తాగుతాయి, మిట్టమధ్యాహ్నం జలకాలాడుతాయి కూడా. ఇక్కడ దోమల సంగతి మరవకూడదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. పైగా ఆ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందువల్ల వారానికొకసారి నీళ్ళు పారబోయడంతో సరిపెట్టకుండా, గోడలనూ రాళ్లనూ కొబ్బరిపీచుతో గట్టిగా తోమాలి.

జాడీలో మొక్క పెట్టాలంటే అడుగున రంధ్రం తప్పనిసరి. డైమండ్ బిట్‌తో, డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో లేకుండా చూసుకుని, నీళ్ళు చిలకరిస్తూ నెమ్మదిగా వేయిస్తే జాడీ పగలదు. ఊరగాయ ఉప్పు మొక్కకు హాని చేస్తుంది కనుక, ముందు కొన్నాళ్లు నీళ్ళు మారుస్తూ నానబెట్టండి. సన్నమూతి జాడీలోంచి వేళ్లూనిన మొక్కను తీయడం సాధ్యం కాదు. గడ్డిగులాబీ వంటి చిన్న వేళ్ల మొక్కే మేలు.

గంగాళంలో మాత్రం నేరుగా మట్టి పోయకండి. తడిమట్టికీ ఎరువుకూ ఇత్తడి చిలుము పడుతుంది, అందులోని రాగి వేళ్లకు మంచిది కాదు. లోపల ఇటుక మీద మామూలు కుండీ పెడితే సరిపోతుంది. చింతపండుతో తోమిన మెరుపు ఆరుబయట నాలుగు రోజులకు మించి నిలవదు కాబట్టి నేను ఆ పని మానుకున్నాను. ఇత్తడి తూకానికి పోయే సరుకు గనుక, దాన్ని గేటు దగ్గర కాక వసారాలో ఉంచడం క్షేమం.

కుట్టుమిషను స్టాండుకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఎనామెల్ వేసి, పైన కడపరాయి పలక అమర్చితే కుండీల బల్ల అవుతుంది.

పగిలిన జాడీలనూ పారేయకండి. చండీగఢ్‌లో నేక్‌చంద్ 1957లో మొదలుపెట్టిన రాక్ గార్డెన్‌లో బొమ్మలెన్నో విరిగిన గాజులతో, పింగాణీ ముక్కలతో చేసినవే. మీరు తులసికోట చుట్టూ తడి సిమెంటులో ఆ ముక్కలను అద్దుకోవచ్చు. అంచులను ముందే సానరాయి మీద అరగదీయండి, ప్రదక్షిణ చేసేవారు చెప్పుల్లేకుండా నడుస్తారు.