పీర్ రివ్యూ వారంలో అయిపోతుందా?

విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్న మీకు 'డబ్బు కడితే వారంలో పేపర్ వేస్తాం' అని ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చిందన్నారు. దయచేసి కట్టకండి.

మంచి జర్నల్‌లో పేపర్‌ను ముందు ఎడిటర్ చూస్తారు. తమ పరిధిలో లేనివి, కాపీ కొట్టినవి అక్కడే ఆగిపోతాయి. మిగిలినవి అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు వెళ్తాయి. వాళ్లు చేసే ఈ పరిశీలననే పీర్ రివ్యూ అంటారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రపు నీటి నమూనాల మీద మీరు రాశారనుకోండి. ఎన్నిచోట్ల తీశారు, ఏ నెలల్లో తీశారు, వానాకాలం సంగతేమిటి, ఇంత తక్కువ డేటాతో ఆ మాట అనగలరా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఈ పనికి వాళ్లకు సాధారణంగా డబ్బేమీ ఇవ్వరు. సొంత పనుల మధ్య చేస్తారు, అందుకే నెలలు పడుతుంది. సవరించమన్నారని టెన్షన్ పడకండి. నా దృష్టిలో పేపర్ బాగుపడేది అక్కడే. తుది నిర్ణయం మాత్రం ఎడిటర్‌దే.

ఫీజు అడిగితేనే మోసమని కాదు, ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో కూడా కొన్ని తీసుకుంటాయి. రివ్యూ జరగకముందే 'ఖాయం' అనడమే అనుమానించాల్సిన విషయం. నమ్మదగిన జర్నళ్లను చూపే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి ఇప్పుడు మనమే చూసుకోవాలి. ఎడిటర్ల పేర్లు వాళ్ల యూనివర్సిటీ వెబ్‌సైట్లలో ఉన్నాయేమో వెతకండి. పాత సంచికల్లో నాలుగైదు పేపర్లు చదివి, మీ గైడ్‌కు కూడా చూపించండి.