నరాలు తెగిన గుండెను కొట్టించేదెవరు?

ప్రశ్న: మా బావగారికి నిరుడు గుండె మార్పిడి చేశారు. కులాసాగానే ఉన్నారు. కానీ పడుకుని ఉన్నా నాడి 95 దాకా కొడుతోంది. డాక్టరుగారు మామూలే అన్నారు. నరాలు కోసేసిన గుండె అసలెలా కొట్టుకుంటోంది? పైగా ఇంత వేగమెందుకు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మామూలేనమ్మా. నేను ఫిజియాలజీ పాఠాలు చెప్పే రోజుల్లో కప్ప గుండెను కోసి తీసి రింగర్ ద్రావణంలో (లవణాలు కలిపిన నీళ్లలో) ఉంచేవాళ్లం. మెదడు లేదు, నరాలు లేవు, అయినా కొట్టుకునేది. దానిలో బీట్ మొదలయ్యే సైనస్ అనే భాగానికీ కర్ణిక అనే పై గదికీ మధ్య దారంతో ముడి బిగిస్తే కింది భాగం ఆగిపోయేది. సైనస్ మాత్రం తన మానాన తాను కొట్టుకునేది. అది కళ్లారా చూశాకే పిల్లలు నా మాట నమ్మేవారు.

మనలో బీట్ మొదలుపెట్టే ఆ పని కుడి కర్ణిక పైభాగంలోని ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణాల గుంపుది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో దీన్ని వివరించారు. ఫ్లాక్ అప్పటికింకా వైద్య విద్యార్థే!

ఈ కణాలకు కుదురుండదు. గుండె కింది గదులైన జఠరికల్లోని కండర కణం లోపలి వోల్టేజీ మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది, పక్క కణం కదిపితేనే మారుతుంది. నోడ్ కణం మైనస్ 60కి దిగిందో లేదో హెచ్‌సీఎన్ చానల్స్ (కణం పొరలోని సన్నటి ద్వారాలు) తెరుచుకుని సోడియం లోపలికి వస్తుంది. చాలా చానల్స్ వోల్టేజీ పెరిగితే తెరుచుకుంటాయి, ఇవేమో తగ్గితే. ఆ తిక్క చూసే వీటిగుండా వచ్చే ప్రవాహానికి ఫన్నీ కరెంట్ అని పేరు పెట్టారు. కణంలోని నిల్వల నుంచి కొద్దికొద్దిగా విడుదలయ్యే కాల్షియం కూడా వోల్టేజీని పైకి నెడుతుంది. ఈ రెండింటిలో దేని వాటా ఎక్కువన్న వాదన ఇంకా తెగలేదు. మైనస్ 40 దగ్గర కాల్షియం చానల్స్ తెరుచుకుంటాయి, ఒక బీట్ పడుతుంది. పొటాషియం బయటికి పోయి వోల్టేజీ దిగుతుంది. దిగిందంటే ఫన్నీ చానల్స్ మళ్లీ సిద్ధం.

ఇలా వదిలేస్తే నోడ్ నిమిషానికి సుమారు 100 సార్లు కొడుతుంది. మన నాడి 70 ఉందంటే మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతూ రోజంతా బ్రేక్ వేస్తోందన్నమాట. మీ బావగారికి ఆ నరమే తెగింది.

ఆయన గుండె వేగం పెరగడానికి ఇప్పుడు ఎక్కువగా రక్తంలో నెమ్మదిగా వచ్చే అడ్రినలిన్ హార్మోన్ మీద ఆధారపడుతుంది. అందుకని నడక మెల్లగా మొదలుపెట్టమనండి. ఆపాక నాడి వెంటనే తగ్గకపోయినా టెన్షన్ పడకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నరాలు లేవు కనక గుండెకు రక్తం చాలకపోయినా ఆయనకు ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, కళ్లు తిరగడం, నాడి గతి తప్పడం కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.