‘లేదు’ అని రాసే ముందు

పెరంబూరు, చెన్నై.

అమ్మలూ,

మద్రాసు తెలుగువారి యాత్రల మీద పరిశోధన చేస్తావని, వచ్చే నెల ఇక్కడికి వస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారాక దిగులు మొదలైంది. నాలుగు పుస్తకాలు ఆన్‌లైన్ కేటలాగులో దొరకలేదని అప్పుడే జాబితాలోంచి తీసేశావట. ఎన్ని రకాలుగా వెతికావమ్మా? ఒక్కసారి పేరు టైపు చేసి, సున్నా కనబడగానే మూసేశావా?

1978లో నేనూ అదే చేశాను. నా సిద్ధాంత వ్యాసానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర కావలసి వచ్చింది. ఆయన ఈ ఊరివాడే. 1830 మే నెలలో బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. పుస్తకం 1838లో అచ్చయింది. గ్రంథాలయంలో పుస్తకానికొక కార్డు చొప్పున పేర్చిన పెట్టెలో ఇంటిపేరు పట్టుకుని ‘ఏ’ కింద చూశాను. లేదు. మధ్యాహ్నం దాటింది, ఆకలి వేస్తోంది, పెట్టె మూసేశాను. ఎవరో రాసిన సంగ్రహం మీద ఆధారపడి ఒక అధ్యాయం పూర్తిచేసి, ‘మూలగ్రంథం లభించలేదు’ అని కింద రాశాను. మౌఖిక పరీక్షలో పెద్దాయన ఒకటే అడిగారు: “‘వీ’ కింద చూశారా?” మర్నాడు తలుపులు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను. కార్డు అక్కడే ఉంది, ‘వీరాసామి’ అని. సంగ్రహంలోని తప్పులన్నీ నా వ్యాసంలోకి వచ్చేశాయి. అట్ట కట్టిన ఆ ప్రతిని ఇప్పటికీ తెరవలేను.

నీ కంప్యూటర్ కూడా ఆ పెట్టె లాంటిదే. నువ్వు ఇచ్చిన అక్షరాలనే అది వెతుకుతుంది. తెలుగు పేర్లను చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు: ‘రావు’ చివర ఒకచోట ‘ఓ’, మరోచోట ‘వీయూ’. ఇంటిపేరు ముందూ ఉంటుంది, వెనకా ఉంటుంది. అందుకే పూర్తి పేరు ఇవ్వకు. పేరులో మారని ఒక్క ముక్క చాలు. ‘కాశీయాత్ర’ను కలిపీ విడదీసీ చూడు. ఒక్క పుస్తకం దొరికిందా, దాని వివరాల్లో ఉన్న విషయ శీర్షికను నొక్కు, అదే విషయం మీద ఉన్న తోబుట్టువులన్నీ వస్తాయి. పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే సంఖ్యను, దాని కింది అక్షరాలతో సహా రాసుకో. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. బయటికి ఇచ్చారా, అక్కడే కూర్చుని చదవాలా అన్నదీ చూసుకో.

ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం 1896 నాటిది. ఇలాంటి పాత గ్రంథాలయాల్లో అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయని అనుకోవద్దు. పాత కార్డులు, అచ్చు జాబితాలు ఎక్కడున్నాయో సిబ్బందిని అడుగు. అడగడానికి మొహమాటపడతావని నాకు తెలుసు, చిన్నప్పుడు అన్నం కూడా అడిగేదానివి కాదు.

ఆ నాలుగు పేర్లూ నాకు పంపు. నువ్వు వచ్చేలోగా వెతికి ఉంచుతాను. సెంట్రల్ స్టేషన్‌కు నేనే వస్తాను, మీ పెద్దమ్మ క్యారేజీ కట్టి ఇస్తుంది.

పెదనాన్న