మూడో తరగతి లెక్క ఐదు నిమిషాల్లో అయిపోతే, మిగతా పీరియడ్ ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. పాప నాలుగో తరగతి, బాబు మూడో తరగతి. ఇద్దరూ ఊళ్లోని ప్రైవేటు బడికే పోతారు. బాబుకి ఎనిమిదేళ్లు. టీచరమ్మ బోర్డు మీద లెక్క రాయడం అయ్యేలోపే జవాబు చెప్పేస్తాడు. ఆ తర్వాత పక్క పిలకాయల్ని గిల్లుతాడు, బెంచీ కింద దూరతాడు. డైరీలో వారానికి రెండు కంప్లయింట్లు తప్పవు. ఇంట్లో అక్క లెక్కలు కూడా వాడే చేసేస్తాడు, అది ఏడుస్తుంది. మా మామగారు ఎవరొచ్చినా వాణ్ణి నిలబెట్టి పంతొమ్మిదో ఎక్కం చెప్పిస్తారు. నాలుగో తరగతి ఎగ్గొట్టించి వచ్చే ఏడు ఐదులో వేయమంటారు. మా ఆయన నెల్లూరులో ఒలింపియాడ్ కోచింగ్ అంటున్నారు. వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతామనే టెస్టు చేయించమని ఇంకొకరు. నాకేం పాలుపోవడం లేదు.
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ చుట్టూ ఉన్నవాళ్లంతా బాబుని ముందుకు తోయాలనో, వాడికో ముద్ర వేయాలనో చూస్తున్నారు. క్లాసులో మిగిలిపోతున్న ఆ అరగంట సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. గిల్లుడూ, బెంచీ కింద దూరుడూ అక్కడే పుడుతున్నాయి.

ముందు డబుల్ ప్రమోషన్ సంగతి తేల్చేద్దాం. ఒకసారి ఇప్పించాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. నాలుగు ఎగ్గొడితే వచ్చే ఏడు వాడు కూర్చునేది అక్క పక్క బెంచీలో. ఇప్పుడు నోట్సు మీద ఏడుస్తున్న పాప అప్పుడు ప్రతి పరీక్షకీ, ప్రతి ర్యాంకుకీ ఏడుస్తుంది. రెండోది, మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. కేంద్ర ప్రభుత్వ వసతి బడి నవోదయలో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒక్కోటీ పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి. నాలుగు ఎగ్గొడితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. 2 గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం ప్రశ్నలు బొమ్మలు చూసి ఆలోచించే రకం, మీవాడి లాంటి పిల్లలకు అచ్చొచ్చేవి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. మీది పల్లె, బడీ పల్లెలోనే. మీ జిల్లా నవోదయ మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది. పంపాలా వద్దా అన్నది ఐదో తరగతిలో తేల్చుకోవచ్చు. తలుపు మాత్రం ఇప్పుడే వేసేయకండి. ఇంకోటి, వాడి బుర్ర లెక్కల్లో పదకొండేళ్లది కావచ్చు గానీ పెన్సిల్ పట్టుకునే వేళ్లూ, ఆటలో ఓడితే వచ్చే ఏడుపూ ఎనిమిదేళ్లవే. పై తరగతిలో మొదట దెబ్బతినేది చేతిరాత, ఆ తర్వాత స్నేహాలు.

కోచింగ్ విషయం. ప్రైమరీ పిల్లలతో రాయించే ఒలింపియాడ్లు చాలావరకు ప్రైవేటు సంస్థలు ఫీజు కట్టించుకుని పెట్టే పరీక్షలు. దేశం తరఫున పిల్లల్ని అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు పంపే పోటీ వేరు, దాని మొదటి మెట్టు హైస్కూల్లో ఎక్కుతారు. ఏడాదికొకటి సరదాగా రాయిస్తే నష్టం లేదు. దానికోసం మూడో తరగతి పిల్లాణ్ణి నెల్లూరుకు బస్సెక్కించడం దండగ. వేలిముద్రల టెస్టుకు శాస్త్రీయ ఆధారం లేదు, ఆ డబ్బుతో మంచి చదరంగం బోర్డు కొనండి. నిజమైన ఐక్యూ పరీక్షలు ఉన్నాయి. మన దేశంలో బినె-కామత్, మాలిన్ పరీక్షలు ఎక్కువగా వాడతారు. వాటిని రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు ఎదురుగా కూర్చోబెట్టి చేయాలి. ఐక్యూ 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు ఉంటారు. కానీ ఆ అంకె చేతికొస్తే రేపు క్లాసులో ఏం మారుతుంది? ఏమీ మారదు. ఇప్పుడు అక్కర్లేదు.

అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లి 1978లో ఒక మాట చెప్పారు: ప్రతిభ అంటే తెలివి ఒక్కటే కాదు, సగటుకు మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పని వదలకుండా కూర్చునే గుణం, ఈ మూడూ కలిసే చోట ఉంటుందని. మీవాడికి మొదటిది ఉన్నట్టు ఉత్తరమే చెబుతోంది. మూడోది ఉందో లేదో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఐదు నిమిషాలకు మించి పట్టే పని వాడికి ఎవరూ ఇవ్వలేదు. పంతొమ్మిదో ఎక్కం జ్ఞాపకశక్తిని చూపిస్తుంది, అంతే.

బడిలో అడగాల్సింది చిన్న పని. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఆ పాఠం చివరి అభ్యాసంలోని కష్టమైన పది లెక్కలు వాడితో ఒంటరిగా, కాగితం మీద, చేసిన విధానం కనిపించేలా చేయించాలి. తొమ్మిదో పదో ఒప్పయితే ఆ పాఠంలో వాడు రోజూ రెండు లెక్కలు చేస్తే చాలు. ఏడెనిమిది ఒప్పయితే తప్పిన రకం లెక్కలు మాత్రమే అందరితో చేస్తాడు. ఆరు, అంతకు తక్కువయితే పాఠమంతా మామూలుగా వినాల్సిందే, అందులో నామోషీ ఏమీ లేదు. మిగిలిన సమయంలో వేరే నోటుబుక్కులో వేరే పని. ఈ ఒప్పందం నాలుగు ముక్కల్లో రాసి టీచరు, మీరు, వాడు సంతకాలు పెట్టండి: రెండు లెక్కలు అయ్యాక వేరే నోటు తీయాలి, లేవకూడదు, పక్కవాళ్లకు జవాబు చెప్పకూడదు, సందేహం వస్తే కాగితం మీద రాసి పెట్టుకుని పీరియడ్ చివర అడగాలి. మూడు వారాలు చూడండి.

ఇది చెడిపోయే దారులు కూడా చెబుతాను. ఎక్కువగా జరిగేది, 'తొందరగా అయిపోయిందా, అయితే ఇంకో ఇరవై చెయ్' అనడం. వారం తిరిగేసరికి పిల్లాడు నెమ్మదిగా చేయడం నేర్చుకుంటాడు, తెలివైనవాడు కదా! రెండోది వాణ్ణి మానిటర్ని చేయడమో, వెనకబడిన పిల్లలకు చెప్పమనడమో. ఎప్పుడైనా ఒకసారైతే ఫర్వాలేదు. రోజూ అయితే వాడు నేర్చుకునేది సున్నా, పిల్లలకు వాడంటే మంట.

టీచరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు 'మావాడికి మీ క్లాసు బోరు' అన్న మాట నోట రానివ్వకండి. నలభై నోట్సులు దిద్దే మనిషి ఆమె. బడి వదిలాక పది నిమిషాలు అడిగి వెళ్లండి. వాడి రెండు నోట్సులు, డైరీ తీసుకెళ్లండి. 'గిల్లుడు తగ్గించడానికి ఇలా చేసి చూద్దామా, వేరే నోటులో పని నేనే పంపిస్తాను, దిద్దేదీ నేనే' అనండి. జాతీయ విద్యా విధానం 2020లో ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల్ని ప్రోత్సహించాలని ఉంది గానీ, ఆ కాగితం పట్టుకుని వెళ్తే పని చెడుతుంది. కాదంటే బడి మార్చేయకండి, ఇదే పని ఇంట్లో రోజుకు నలభై నిమిషాలు చేయించండి.

ఇక ఆ వేరే నోటులో ఏముండాలి? పై తరగతి పుస్తకం వద్దు. జవాబు ఒక్కసారికి చిక్కని లెక్కలు కావాలి. చదరంగం బోర్డు ఇచ్చి ఇందులో చతురస్రాలు ఎన్ని అని అడగండి. 64 అంటాడు టక్కున. 'ఇంకా ఉన్నాయి' అని ఊరుకోండి. పక్కకి రెండు, కిందికి రెండు గళ్లున్న చతురస్రాలు, ఆపైన మూడేసి గళ్లవి, అలా వెతుక్కుంటూ పోతే 204 తేలతాయి. అక్కడికి చేరడానికి వాడికి మూడు రోజులు పట్టినా పట్టనివ్వండి. 'ఇంకా ఉన్నాయి' అన్నప్పుడు కళ్లు వెలిగాయా, విసిరికొట్టాడా గమనించండి. విసిరికొడితే కంగారు పడొద్దు. తప్పు పోవడం అలవాటు లేని పిల్లలు అలాగే చేస్తారు.

అసలు గని మీ ఇంట్లోనే ఉంది, గుంటల దగ్గర. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అనేగా. 100 కౌంట్ రొయ్య 10 గ్రాములు, 50 కౌంట్ 20 గ్రాములు, 40 కౌంట్ 25. కౌంట్ తగ్గేకొద్దీ రేటు ఎందుకు పెరుగుతుందో నాన్నని అడిగి రాయమనండి. తర్వాత అసలు చిక్కు: 100 నుంచి 90కి దిగితే రొయ్య పెరిగింది గ్రాము పైచిలుకే, 50 నుంచి 40కి దిగితే ఏకంగా 5 గ్రాములు. పది పదే కదా, ఎందుకు తేడా? గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత వంగుతుంది. అది ఎందుకు వంగిందో వాడు తన మాటల్లో రెండు పేజీలు రాయగలిగితే మూడో తరగతి ఎప్పుడో దాటేసినట్టు. అక్కడితో ఆగక్కర్లేదు. శాంపిల్‌కి విసురు వల వేసినప్పుడు ఒక్కో వలకు కౌంట్ ఒక్కోలా ఎందుకు వస్తోంది, ఎన్ని వలలు వేస్తే సగటు నమ్మొచ్చు? నాలుగైదు వారాల లెక్కలు రాసి నాన్నకు కాగితం ఇవ్వాలి, నాన్న దాన్ని నిజంగా చదవాలి. కోచింగ్ మీద మనసు పడిన మీ ఆయనకు ఈ పని అప్పజెప్పండి. ఒక్క జాగ్రత్త: గట్టు మీద వాడు ఒంటరిగా ఉండకూడదు. లోతు ఒక భయం, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు ఇంకో భయం. తూకం, లెక్కింపు షెడ్డు దగ్గరే.

మామగారిని ఎక్కాల ప్రదర్శన మానమంటే నొచ్చుకుంటారు. వద్దని చెప్పకుండా పని మార్చండి. పులి-మేక ఆట వస్తే మనవడికి నేర్పమనండి. మూడు పులులు, పదిహేను మేకలు, గీయడానికి సుద్దముక్క ఉంటే చాలు. షరతు ఒక్కటే, ప్రేమకొద్దీ ఓడిపోకూడదు. తాత చేతిలో నిజాయితీగా ఓడటం ఆ పిల్లాడికి ఇప్పుడు చాలా అవసరం. ఎవరైనా వచ్చినప్పుడు ఇద్దరూ ఆట మీదే ఉంటే ఎక్కం అడిగే తీరికే ఉండదు.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఆమె లెక్కల సమయం, చోటు వేరు చేయండి, ఆ అరగంట వాడు ఇంకో గదిలో ఉండాలి. అక్క పిలిస్తే రావచ్చు, వచ్చినా జవాబు చెప్పకూడదు, ఒక ప్రశ్న మాత్రం అడగొచ్చు. 'తమ్ముణ్ణి చూసి నేర్చుకో' అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పాప దేంట్లో చేయి తిరిగిందో దానికి కూడా ఒక నోటుబుక్కు కొనండి.

చివరగా, ఈ నెలలోనే కంటి పరీక్ష చేయించండి. బోర్డు సరిగా కనపడని పిల్లలూ ఇలాగే అల్లరి చేస్తారు. రొయ్యల లెక్క లాంటి ఇష్టమైన పనిలో కూడా పది నిమిషాలు కుదురుగా లేకపోతే, బడిలోనూ ఇంట్లోనూ ఆటలోనూ అదే తీరు కనిపిస్తే, నెల్లూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించండి. తెలివీ, ఏకాగ్రత లోపమూ ఒకే పిల్లాడిలో ఉండొచ్చు. వెళ్లేటప్పుడు మూడు వారాల వేరే నోటు, బడి డైరీ రెండూ వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది ఎక్కడ కుదురుగా ఉంటాడు, ఎక్కడ ఉండడు అనే.