డ్రోన్ల కాలంలో భూతల దాడి విమానాలతో పనేముంది?

డ్రోన్లు ఇంత చవకగా దొరుకుతున్నప్పుడు, నేల మీది శత్రువును కొట్టే యుద్ధ విమానాలు ఇంకా అవసరమా అని ఇక్కడ ఒకరు అడిగారు. అవసరమే. ఇంకో ముప్పై ఏళ్లకు కూడా అవసరమేనని నా గట్టి నమ్మకం. ఇప్పుడు నల్లగొండ దగ్గర బత్తాయి తోట చూసుకుంటున్నాను గాని, అంతకుముందు ఇరవై ఏళ్లు వాయుసేనలో విమానాలకు ఆయుధాలు అమర్చే పని చేశాను. అందులో ఎక్కువ కాలం జోధ్‌పూర్‌లో మిగ్-27 విమానాల దగ్గరే గడిచింది.

ఆ విమానం పొట్ట కింద ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండేది. నిమిషానికి దాదాపు 5000 గుండ్ల వేగం దానిది. ఒక మే నెల మధ్యాహ్నం పోఖ్రాన్ రేంజ్‌లో కాల్పుల అభ్యాసం ముగించుకొని వచ్చిన విమానం దగ్గరికి వెళ్లేసరికి, దిగేటప్పుడు వెలిగించే దీపం అద్దం పగిలి ఉంది, ఫిరంగి పక్కనున్న రేకు మరలు వదులై కదులుతున్నాయి. పైలట్ మీట నొక్కింది ఒకటి రెండు సెకన్లే, అదంతా సొంత ఫిరంగి కుదుపు వల్ల జరిగిన నష్టమే. గొట్టాల మసి తుడుస్తుంటే ఆ వేడి తొడుగులు దాటి వేళ్లకు తగిలింది. మా సార్జెంటు పాలమూరు మనిషి. ఆయన పగిలిన అద్దం ముక్కలు ఏరుతూ, "మనం వాన్ని కొట్టేంత దగ్గరికి పోతున్నమంటే, మనల్ని కొట్టేంత దగ్గర వాడు కూడా ఉన్నట్టే గద తమ్మీ" అన్నాడు.

కార్గిల్‌లో ఆ మాట నిజమైంది. 1999 మే 27న రాకెట్లు ప్రయోగించిన తర్వాత నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజన్ ఆగిపోయింది. ఆయన కోసం వెతుకుతూ వెళ్లిన అజయ్ ఆహుజా మిగ్-21ను భుజం మీద నుంచి పేల్చే క్షిపణి కూల్చేసింది. మరుసటి రోజు అలాంటి క్షిపణికే ఒక ఎంఐ-17 హెలికాప్టర్ బలైంది, నలుగురు చనిపోయారు. అంతటితో వాయుసేన వెనక్కి రాలేదు, ఎత్తు మార్చింది. క్షిపణికి అందనంత పైనుంచి మిరాజ్-2000లు జూన్ 24న టైగర్ హిల్ మీద లేజర్ కిరణం దారి చూపే బాంబులు వేశాయి. కాబట్టి కాలం చెల్లింది నేలను రాసుకుంటూ ఎగిరే పద్ధతికే గాని, విమానానికి కాదు. ఉక్రెయిన్ యుద్ధంలో రెండు వైపులా సుఖోయ్-25లు ముక్కు పైకెత్తి దూరం నుంచే రాకెట్లు విసిరి తిరిగిపోవడం, రష్యా విమానాలు రెక్కలు తగిలించిన బాంబులను పదుల కిలోమీటర్ల అవతలి నుంచి వదలడం, అన్నీ ఈ పాఠానికే కొనసాగింపులు.

ఇక డ్రోన్ల సంగతి. మా ఊళ్లో వరికి మందు కొట్టే డ్రోన్ పది లీటర్లు మోసి, కాసేపటికే బ్యాటరీ కోసం గట్టు మీదికి వచ్చేస్తుంది, గాలి లేస్తే దాన్ని తెచ్చినాయన ఎగరనివ్వడు. యుద్ధపు డ్రోన్లు అంతకన్నా ఎంతో మెరుగైనవే, ట్యాంకులను అవి ధ్వంసం చేస్తున్న తీరును నేను కాదనను. అయినా పదహారు వేల అడుగులకు పైబడిన శిఖరం మీద రాళ్లు పేర్చి కట్టిన బంకరును కూల్చాలంటే వందల కిలోల బాంబు కావాలి, రెండు మూడు కిలోల పేలుడు మందు చాలదు. వీడియో గేమ్ దృశ్యాలను యుద్ధమని చూపించే టీవీ చానళ్లు ఈ బరువుల లెక్క ఒక్కసారైనా చెప్పవు. లక్ష్యం ఎక్కడుందో కింద నుంచి రేడియోలో పైలట్‌కు చెప్పే సైనికుడి గురించి అసలే మాట్లాడవు. ఆ సైనికుడూ పైలటూ కలిసి చేసే సాధన తగ్గితే ఎంత ఖరీదైన విమానమైనా దండగే.

2019 డిసెంబర్ 27న జోధ్‌పూర్‌లో మిగ్-27లు చివరిసారి ఎగిరాయి. వాటి పనిని జాగ్వార్లు, సుఖోయ్-30లు, రఫేల్‌లు పంచుకుంటున్నాయి. మంజూరైన 42 స్క్వాడ్రన్ల (యుద్ధ విమానాల దళాల) సంఖ్యను మన వాయుసేన ఇంకా అందుకోలేదు, నన్ను నిజంగా బాధపెట్టేది ఆ లోటే.