కోడలు బావగారితో ఎందుకు మాట్లాడదు?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా చిన్నోడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తూ కటకం (కటక్) అమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. మేం అడ్డు చెప్పలేదు. వాళ్ళకి రెండేళ్ళ పాప. మొన్న జూన్‌లో వచ్చి పదిహేను రోజులున్నారు. మా పెద్దోడు ఇంట్లోకొస్తే చాలు, కోడలు కొంగు తలమీదకి లాక్కుని లోపలికెళ్ళిపోతుంది. పలకరించినా పలకదు. పొలం పనులు మొదలయ్యే రోజుల్లో ‘మాకు పండగ, మూడు రోజులు రుబ్బకూడదు’ అని గ్రైండర్ ముట్టలేదు. మా అమ్మాయి కొడుకుని చూపించి ‘ఈడేనే నీ మొగుడు’ అని పాపతో సరదాగా అన్నాను. అంతే, పిల్లని ఎత్తుకెళ్ళి తలుపేసుకుంది, ఆ రాత్రి అన్నం తినలేదు. అర్ధరాత్రి దాకా ఫోను, పొద్దున్న ఎనిమిదికి లేవడం. చిన్నోడినడిగితే ‘ఆళ్ళ పద్ధతులంతేనమ్మా’ అంటాడు. మేం పల్లెటూరోళ్ళమని చులకనా?

జవాబు: అమ్మా, మీకు ఎక్కువ కోపం తెప్పించింది బావగారి సంగతి. నాకు మాత్రం ఆ అమ్మాయి అన్నం మానేసిన రాత్రే పెద్ద విషయంగా కనిపించింది.

మన ఇళ్ళల్లో ఉయ్యాల్లో పిల్లకి మేనత్త కొడుకుని చూపించి మొగుడనడం మామూలు. ఉత్తుత్తి మాటే అయినా దాని వెనక తరాల మేనరికాలున్నాయి. మీ చుట్టాల్లోనే అలాంటి జంటలు ఉండే ఉంటాయి. కటకం వైపు మేనరికం లేదు. మేనత్త కొడుకైనా మేనమామ కొడుకైనా ఆడపిల్లకి అన్నో తమ్ముడో అవుతాడు, రాఖీ కట్టించుకుంటాడు. ఇప్పుడు మీ మాటని ఆ తల్లి చెవితో వినండి. మీ పెద్దోడి కొడుకుని చూపించి, చిన్నోడి కూతురితో ఎవరైనా ‘ఈడేనే నీ మొగుడు’ అంటే మీరు ఊరుకునేవారా? ‘నోటికేటొస్తే అది అనీడవేనా’ అని దులిపేసేవారు. ఆ పిల్ల కొత్తచోట, రాని భాషలో ఏమనగలదు? తలుపేసుకుంది.

ఇక బావగారు. మనకి బావ అనగానే పరాచికాలు గుర్తొస్తాయి. భర్త అన్నగారిని కాస్త మర్యాదగా చూసినా, కాఫీ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడతాం. సంప్రదాయం పట్టింపున్న ఒడియా కుటుంబాల్లో తమ్ముడి భార్య భర్త అన్నగారి ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు, పొరపాటున కూడా తగలకూడదు. మరిదితో మాత్రం ఎంత చనువైనా ఫర్వాలేదు. పట్నాల్లో ఇది సడలిపోతోంది. కానీ అత్తవారి ఊరు వెళ్తున్న కూతురికి వాళ్ళమ్మ జాగ్రత్తలు చెప్పే పంపి ఉంటుంది. మీరు పొగరనుకున్నది ఆమె లెక్కలో మీ పెద్దబ్బాయికిచ్చిన గౌరవం.

గ్రైండర్ కథ నాకు చాలా నచ్చింది, ఏమీ అనుకోకండి. జూన్ నడిమిలో, మిథున సంక్రాంతిని మధ్యలో పెట్టుకుని, ఒడిశాలో మూడు రోజులు రజ పండగ చేస్తారు. ఆ రోజుల్లో భూదేవి బహిష్టు అవుతుందని నమ్మకం. నాగలి పట్టరు, నేల తవ్వరు. ఆడవాళ్ళకి పనినుంచి విశ్రాంతి. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు. నాలుగోరోజు సన్నికల్లునే భూదేవిగా భావించి పసుపు రాసి స్నానం చేయిస్తారు. అందుకే రుబ్బడం, నూరడం ఉండవు. ఇంచుమించు అదే కాలంలో మనకి ఏరువాక పున్నమి: ఎడ్లని కడిగి, బొట్టుపెట్టి, నాగలి కట్టి పొలంలోకి దిగుతాం. ఇద్దరం మొక్కేది ఆ నేలకే. మీరు పని మొదలెట్టే వేళకి ఆమెకి పని ఆపమని నేర్పారు.

దూరదేశపు కోడలైతే మీరు ముందే ‘వాళ్ళ ఆచారాలేంటో’ అని అడిగి ఉండేవారు. ఒడియావాళ్ళు మనకి మరీ దగ్గరవాళ్ళు కావడంతో వచ్చిన చిక్కిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. మన ముఖలింగం గుళ్ళు కట్టించిన గాంగ వంశంలోనే పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టిన చోడగంగదేవుడూ పుట్టాడు. మనం చద్దన్నం తింటే వాళ్ళు పఖాళ తింటారు. ఇన్ని కలిసేసరికి మిగతావీ కలుస్తాయనుకుంటాం. కలవని చోట ఆ మనిషిని తప్పుపడతాం.

ఇందులో నాకు కోపం వచ్చింది మీ చిన్నబ్బాయి మీద. రెండు భాషలూ, రెండిళ్ళ తీరూ తెలిసినవాడు ఆయనొక్కడే. బయల్దేరేముందు మీకో ఫోను చేసి ‘అమ్మా, అన్నయ్యతో మాట్లాడదు, ఏమీ అనుకోకు’ అని ఉంటే సగం గొడవ పుట్టేదే కాదు. ‘ఆళ్ళ పద్ధతులంతే’ అంటే వివరం చెప్పినట్టు కాదు, తప్పించుకున్నట్టు. ఈ ఉత్తరం ఆయనకీ చదివి వినిపించండి.

ఫోను, ఎనిమిదింటికి లేవడం మాత్రం కటకం ఆచారమూ కాదు, నరసన్నపేట ఆచారమూ కాదు. ఆ వయసు వాళ్ళలో చాలామంది అంతే. ఇబ్బందైతే సూటిగా చెప్పండి, తప్పులేదు. ‘పరాయి పిల్ల కదా’ అని ప్రతిదీ దిగమింగక్కర్లేదు.

ఈసారి వచ్చినప్పుడు కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని కోడల్ని అడగండి. ‘ఎందుకలా చేశావు’ అని కాదు. అలా అడిగితే ఎవరికైనా సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ‘మీ ఇంట్లో ఇది ఎలా చేస్తారమ్మా’ అని అడగండి. మీ ఇంటి తీరూ చెప్పండి. మన ఇళ్ళల్లో పలకరిస్తే పలక్కపోవడం అవమానమని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. బావగారికి దూరంనుంచి దండం పెడితే చాలనో, ఇంకేదో ఒక దారి మీ ముగ్గురికే దొరుకుతుంది. పెద్దబ్బాయికి కూడా సంగతి చెప్పండి, పాపం ఆయనా నొచ్చుకునే ఉంటాడు.

మేనరికం హాస్యం మాత్రం ఇక వద్దు. ‘నాకు తెలీక అన్నాను, ఇంక అనను’ అని కోడలికి మీరే చెప్పండి. మీ అమ్మాయికీ, వీధిలో మీ తోటికోడళ్ళకీ ముందే చెప్పి ఉంచండి. సంక్రాంతికి అందరూ కలిస్తే, ఆ పిల్లాణ్ణి చూసి ఎవరో ఒకరు అనకుండా ఉండరు.